ఊరి పత్రిక, ఊరి చందాదారు

తెల్లవారి కాఫీ వేళకు రేడియోలో ప్రాంతీయ వార్తలు ముగియునంతలో వాకిట పత్రిక పడిన చప్పుడు వినిపించుట మన ఇండ్లలో చిరకాలముగా అలవాటైన సంగతి. రేడియోలో విన్న వార్తనే మరల పత్రికలో వెదకి చదువుకొనుట కూడ ఆ అలవాటులో భాగమే. చెవితో విన్నది కంటితో చూచినగాని మనకు తృప్తి కలుగదు. ఇటీవలి సంవత్సరములలో ఈ అలవాటుకు ఒక ఇబ్బంది వచ్చి పడినది. పత్రిక పలుచబడుచున్నది, నెల తిరుగునప్పటికి దాని బిల్లు మాత్రము పెరుగుచున్నది. ప్రక్కయింటివారు పత్రిక మానివేసి సెల్‌ఫోనులో వార్తలు చూచుకొనుచున్నారు. మానక నిలచినవారు మునుపటికంటె ఎక్కువ చెల్లించి, మునుపటికంటె తక్కువ పుటలు చదువుకొనుచున్నారు. విశ్వాసముతో నిలచినందుకు దక్కిన ఫలము ఇదేనా అని చందాదారుకు తోచుట సహజము.

ఈ ప్రశ్న నేడు పుట్టినది కాదు. పత్రికను నడుపు ఖర్చు ఎవరు భరించవలెను, ఎంతవరకు భరించవలెను అనునది తెలుగు పత్రికలతోపాటే పుట్టిన సమస్య. ఇందులో పెద్ద పత్రికల కథ వేరు, చిన్న పత్రికల కథ వేరు. ఒక జిల్లాకో, ఒక పట్టణమునకో సేవ చేసిన పత్రికలను ఇచట ఊరి పత్రికలని పిలుచుకొందము. అవి ఎట్లు పుట్టినవో, ఎవరి ధనముతో బ్రతికినవో, ఏ కారణమున క్షీణించినవో చూచినచో, నేటి చందాదారుని బరువు ఎక్కడనుండి వచ్చినదో తెలియగలదు.

ఊరి పత్రిక అనగానే కందుకూరి వీరేశలింగము పంతులుగారి 'వివేకవర్ధని' స్మరణకు వచ్చును. 1874లో పంతులుగారు ధవళేశ్వరములో ఉపాధ్యాయులుగా ఉన్న రోజులలో ఆ పత్రికను ఆరంభించినారు. గోదావరి తీరమున సొంత ముద్రాక్షరశాల లేదు గనుక, మొదట దానిని చెన్నపట్నములో అచ్చు వేయింపవలసి వచ్చినది. వ్రాతప్రతి అంత దూరము పోవలెను. అచ్చయిన ప్రతులు మరల అంత దూరము రావలెను. ఈ శ్రమకు తాళలేకనే పిమ్మట రాజమహేంద్రవరములో సొంత అచ్చుకూటమును నెలకొల్పుకొన్నారు. పత్రికకు కలము చాలదనియు, అచ్చుయంత్రము, అక్షరములు, కాగితము, వాటికి ధనము కావలెననియు ఆనాడే తేటపడినది.

'వివేకవర్ధని' చేసిన పని ఏమి? స్త్రీవిద్యను గూర్చి, వితంతు వివాహములను గూర్చి అది చేసిన ఉద్యమము అందరికి తెలిసినదే. అంతకు తక్కువకాని మరొక పని కూడ అది చేసినది. తన ఊరిలోని న్యాయస్థానములలోను, కచ్చేరీలలోను సాగుచున్న లంచగొండితనమును బయటపెట్టినది. వకీళ్ళ కపట వ్యవహారములను ఎగతాళి చేయుచు పంతులుగారు రచించిన 'వ్యవహార ధర్మబోధిని' ఆ పత్రికలోనే వెలువడినది. రాజమహేంద్రవరపు వకీళ్ళను గూర్చి చెన్నపట్నపు పత్రిక వ్రాయవలసిన అవసరము లేదు. వ్రాసినను చదువువారికి ఆ మనుష్యులు తెలియరు. తన వీధిలోనే నడయాడు పెద్దమనిషిని గూర్చి నిజము వ్రాయుటకు ఊరి పత్రికకే అవకాశము కలదు. దెబ్బలు పడునదియు దానికే.

ఇరువది యెనిమిది సంవత్సరముల తరువాత, 1902లో, బందరునుండి 'కృష్ణా పత్రిక' వెలువడినది. కొండా వెంకటప్పయ్య పంతులుగారు, దాసు నారాయణరావుగారు దానికి ఆద్యులు. 1907లో ముట్నూరి కృష్ణారావుగారు సంపాదకత్వము వహించి, 1945లో స్వర్గస్థులగువరకు ఆ పీఠమును విడువలేదు. ఒక జిల్లా పట్టణములో ఉండి యావదాంధ్ర దేశముచేత చదివించుకొన్న పత్రిక అది. పేరు మాత్రము తన జిల్లాదే, ఆ నదిదే. ఊరి పత్రిక అనగా చూపు చిన్నదై ఉండవలెనను నియమము ఏమియు లేదని అది నిరూపించినది.

నైజాము రాజ్యములో పరిస్థితి ఇంకను కష్టతరముగా ఉండెడిది. ప్రభుత్వ భాష ఉర్దూ. తెలుగు చదువునకు ఆదరణ స్వల్పము. అట్టి కాలమున 1922లో నల్లగొండ నుండి షబ్నవీసు వెంకటరామనరసింహారావుగారు 'నీలగిరి పత్రిక'ను వెలువరించినారు. ఆ సంవత్సరమే ఇనుగుర్తి అను పల్లెనుండి ఒద్దిరాజు సోదరులు, సీతారామచంద్రరావుగారును రాఘవరంగారావుగారును, 'తెనుగు పత్రిక'ను నడుప మొదలిడినారు. పల్లెటూరినుండి వారపత్రిక! నేడు వినుటకే ఆశ్చర్యముగా ఉన్నది. ఆ రెండు పత్రికలును ఎంతోకాలము నిలువలేదు. అయినను అవి వేసిన బాటలోనే 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారి 'గోలకొండ పత్రిక' హైదరాబాదునుండి బయలుదేరినది. తెలంగాణములో తెలుగు కవులు లేరని ఒకరు చులకనగా పలికినప్పుడు, దానికి జవాబుగా 354 మంది కవుల రచనలతో 1934లో 'గోలకొండ కవుల సంచిక'ను వెలువరించినది ఆ పత్రికయే. ఊరూరి పాఠకులతో పరిచయము లేని పత్రికకు అన్ని పేర్లు దొరకవు, అన్ని రచనలు చేరవు.

ఇట్లే నెల్లూరినుండి 'జమీన్ రైతు' జమీందారీ గ్రామముల రైతుల పక్షము వహించినది. ఈ పత్రికలన్నిటికి ఒక సామాన్య లక్షణము కలదు. వాటిని చదువువాడు, వాటిలో వ్రాయబడినవాడు, వాటికి చందా కట్టువాడు ఒకే గాలి పీల్చుకొనువారు.

ఇక ధనము సంగతి. పత్రికకు ధనము వచ్చు మార్గములు మూడు. ఒకటి, దాత లేక యజమాని సొంత ధనము. రెండు, చందాదారుల ధనము. మూడు, ప్రకటనల వలన వచ్చు ధనము. తెలుగు పత్రికల చరిత్ర అంతయు ఈ మూడు మార్గములలో ఒకదానినుండి మరియొకదానికి జరిగిన ప్రయాణమే అని చెప్పవచ్చును.

మొదటి మార్గమునకు మహోదాహరణము కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. 1893లో బొంబాయిలో ఆయన అమృతాంజనమును ఆరంభించినారు. 1908లో అక్కడి తెలుగువారి నడుమనే 'ఆంధ్రపత్రిక' వారపత్రికగా పుట్టినది. 1914లో చెన్నపట్నమునకు తరలి దినపత్రిక అయినది. తలనొప్పికి రాచుకొను మందు అమ్మి సంపాదించిన ధనము తెలుగు భాషకు, స్వాతంత్ర్యోద్యమమునకు ఉపయోగపడినది. దేశోద్ధారకుడను బిరుదు ఆయనకు ఊరక రాలేదు. కాని దాతృత్వము మీద నడుచు పత్రికకు ఒక బలహీనత కలదు. దాతకు ఆయుర్దాయము ఉన్నది. వ్యాపారమునకు లాభనష్టములు ఉన్నవి. నాగేశ్వరరావుగారు 1938లో గతించినారు. ఆయన కుటుంబమువారు ఇంకను ఐదు దశాబ్దములకు పైగా పత్రికను నడుపుకొని వచ్చినారు. తుదకు 1991లో 'ఆంధ్రపత్రిక' నిలచిపోయినది. అంతటి పత్రికకే అట్లు జరుగగా, అమృతాంజనము వంటి అండ లేని ఊరి పత్రికల మాట వేరుగ చెప్పవలెనా?

రెండవ మార్గము చందాదారులది. పాత పత్రికల సంచికలను త్రిప్పి చూచినవారికి ఒక విన్నపము తరచుగా కనబడును. చందా గడువు తీరినదనియు, బాకీ పంపవలసినదనియు, వి.పి. పంపినప్పుడు త్రిప్పి పంపక స్వీకరింపవలసినదనియు సంపాదకులు చేతులు జోడించి వేడుకొందురు. చదువువారికి కొదువ లేదు, చెల్లించువారికే కొదువ. ఒక ఇంటికి వచ్చిన పత్రికను వీధి వీధియంతయు చదువుట మన ఊళ్ళలో వాడుక. కరణముగారి అరుగు మీదనో, మంగలి దుకాణములోనో, గ్రంథాలయములోనో ఒక్క ప్రతి చుట్టు పదిమంది చేరెడివారు. ఇది సమాజమునకు మేలే. కాని సంపాదకుని లెక్కల పుస్తకములో ఆ పదిమందియు కలిసి ఒక్క చందాదారే.

ఈ మార్గములోని చిక్కు అర్థమగుటకు ఒక చిన్న లెక్క వేసుకొందము. పత్రిక ఖర్చులలో రెండు తెగలు కలవు. వార్త సేకరించుట, అక్షరములు కూర్చుట, జీతములు, అద్దె మొదలగునవి ప్రతులు వంద అచ్చు వేసినను వెయ్యి అచ్చు వేసినను ఒకే విధముగా ఉండును. కాగితము, సిరా, తపాలా మాత్రము ప్రతుల సంఖ్యను బట్టి పెరుగును. ఇప్పుడు మొదటి తెగ ఖర్చు నెలకు వెయ్యి రూపాయలనియు, చందాదారులు వెయ్యిమంది అనియు ఊహింపుడు. తలకు ఒక రూపాయి పడును. రెండువందలమంది మానినచో మిగిలినవారికి తలకు రూపాయి పావలా పడును. ధర హెచ్చినదని ఇంకొక మూడువందలమంది మానినచో, మిగిలిన ఐదువందలమందికి తలకు రెండు రూపాయలు. పత్రిక మారలేదు, చందాదారు మారలేదు. ప్రక్కవారు వెళ్ళిపోయినందున అతని బరువు రెట్టింపైనది. మోయువారు తగ్గినకొలది మిగిలిన భుజముల మీద పల్లకి బరువు పెరుగుట వంటిది ఇది.

ఈ బరువును తేలిక చేసినది మూడవ మార్గము, ప్రకటన. మొదట మందులు, పుస్తకములు, పిమ్మట సినిమాలు, బట్టల కొట్లు, వేలముల నోటీసులు, ప్రభుత్వ ప్రకటనలు పత్రికల పుటలలో చేరినవి. ప్రకటన ధనము వచ్చినకొలది పాఠకునికి పత్రికను ఉత్పత్తి ఖర్చుకంటె తక్కువ ధరకు ఇచ్చుట సాధ్యమైనది. దీనివలన మనకు ఒక అలవాటు పడిపోయినది. పత్రిక అనగా చౌకగా దొరకు వస్తువని, నెల తిరిగిన పిమ్మట పాత కాగితముల తూకములో కొంత తిరిగి వచ్చునని మనము లెక్కించుకొన్నాము. మన కొరకు వేరొకరు చెల్లించుచున్న భాగమును మనము చూడలేదు. నేడు ఆ వేరొకరు ప్రక్కకు తప్పుకొనుటచేతనే ఆ భాగము మన కంటికి కనబడుచున్నది.

పత్రిక ధరకును పుటలకును గల సంబంధము మన దేశములో ఎంత సున్నితమైనదో తెలిసికొనుటకు తెలుగు నాటినుండి ఒక్కసారి పూనా నగరమునకు పోవలెను. అక్కడ జరిగిన ఒక వివాదము మన సుప్రీము కోర్టుకు ఎక్కినది. తీర్పు దేశములోని పత్రికలన్నిటికి, మన తెలుగు పత్రికలకు కూడ, వర్తించినది.

స్వాతంత్ర్యము వచ్చిన కొలది సంవత్సరములకే పెద్ద పత్రికల పోటీకి చిన్న పత్రికలు నలిగిపోవుచున్నవను ఆందోళన బయలుదేరినది. పెద్ద పత్రికకు ప్రకటనలు ఎక్కువ. కనుక తక్కువ ధరకు ఎక్కువ పుటలు ఇయ్యగలదు. చిన్న పత్రిక అట్లు ఇయ్యలేదు. 1954లో నివేదిక సమర్పించిన మొదటి పత్రికా సంఘము, పుటల సంఖ్యను బట్టి ధర నిర్ణయించు పద్ధతి ఉండవలెనని సిఫారసు చేసినది. దానిని అనుసరించి 1956లో వార్తాపత్రికల ధర, పుటల చట్టము వచ్చినది. 1960లో దాని క్రింద ఉత్తరువు వెలువడినది. ఇంత ధరకు ఇన్ని పుటలకు మించి ఇయ్యరాదని దాని సారాంశము.

దీనిని కోర్టులో ఎదిరించినది 'సకాళ్' అను మరాఠీ దినపత్రిక. నానాసాహెబు పరుళేకరుగారు 1932లో పూనాలో స్థాపించిన ప్రాంతీయ పత్రిక అది. ఆ రోజులలో ఆ పత్రిక వారములో ఐదు దినములు ఆరేసి పుటలతోను, ఒక దినము నాలుగు పుటలతోను, ఆదివారము పది పుటలతోను వెలువడుచుండెడిది. సామాన్య దినములలో 52,000 ప్రతులు, ఆదివారము 56,000 ప్రతులు చెల్లుచున్నవని అది కోర్టుకు తెలిపినది. సామాన్య దినపు ప్రతి వెల 7 నయాపైసలు. ఉత్తరువు అమలైనచో ఆ వెలకు ఆరు దినములలో 34 పుటలకు బదులు 24 పుటలే ఇయ్యవలెను. 34 పుటలను నిలుపుకొనవలెనన్న వెల 8 నయాపైసలు చేయవలెను.

శ్రోతలు గమనింతురు గాక! వివాదము ఒక్క నయాపైస మీద. ఒక్క నయాపైస పెంచినచో కొందరు చదువరులు జారిపోవుదురు. పెంచకున్నచో పది పుటల వార్తలు జారిపోవును. ఏ విధముగా చూచినను పత్రిక చెప్పదలచినది చేరవలసినంత మందికి చేరదు. 1961 సెప్టెంబరు 25వ తేదీన న్యాయమూర్తి ముధోల్కరుగారు వెలువరించిన తీర్పులో న్యాయస్థానము ఆ చట్టమును, ఉత్తరువును రాజ్యాంగ విరుద్ధములని కొట్టివేసినది. భావ ప్రకటన స్వాతంత్ర్యములో పత్రికను ఎంతమందికి చేర్చుదుమన్నది కూడ ఒక అంశమని నిర్ణయించినది.

ఇందులోని వింతను గూడ విడువరాదు. చిన్న పత్రికలను కాపాడుట కొరకు పుట్టిన చట్టమును పడగొట్టినది ఒక ప్రాంతీయ పత్రికయే. పుటలను కత్తిరించి చిన్నవారిని కాపాడుట సాధ్యము కాదని ఆ పత్రిక వాదము. ఆ వాదము న్యాయమైనది. కాని దానితో చిన్న పత్రికల సమస్య తీరలేదు. చట్టము పోయినది, పెద్ద పత్రిక చౌకగా అమ్ముకొను వీలు అట్లే మిగిలినది.

కాగితము కథ ఇంకొకటి. మన దేశమున పత్రికల కాగితము చాలవరకు విదేశములనుండి రావలసినదే. మధ్యప్రదేశ్‌లోని నేపానగరములో 1955లో ఉత్పత్తి ఆరంభమైనదాక స్వదేశములో పత్రికా కాగితపు మిల్లే లేదు. అటు తరువాత కూడ స్వదేశపు ఉత్పత్తి మన అవసరమునకు చాలలేదు. కనుక విదేశీ మారక ద్రవ్యమునకు కరువు వచ్చినప్పుడెల్ల కాగితము మీద నియంత్రణ వచ్చెడిది. 1972లో పుటలను పదింటికి పరిమితము చేసిన విధానమును సుప్రీము కోర్టు త్రోసిపుచ్చినది. 1981లో దిగుమతి కాగితము మీద నూటికి 15 వంతున సుంకము విధింపగా, ఆ వివాదము కూడ కోర్టుకు పోయి, సుంకమును పునఃపరిశీలింపవలసినదని 1984లో తీర్పు వచ్చినది. 2019లో నూటికి 10 వంతున సుంకము మరల వచ్చి, మరుసటి సంవత్సరము 5కు తగ్గినది. 2022లో రష్యా, ఉక్రెయిన్ల యుద్ధము మొదలైనప్పుడు రష్యానుండి రావలసిన కాగితమునకు ఆటంకములు ఏర్పడి ధరలు మండిపోయినవి. ఎక్కడి యుద్ధము? ఎక్కడి మన ఊరి చందా? అయినను ఆ సెగ ఇక్కడికి తగిలినది.

ఇంతలో తెలుగు నాట మరొక మార్పు జరిగినది. 1974 ఆగస్టులో విశాఖపట్టణమునుండి 'ఈనాడు' వెలువడినది. రాజధానిలోగాక రేవు పట్టణములో పుట్టుటయే ఒక విశేషము. ఉదయము తెల్లవారకమునుపే పత్రిక ఇల్లు చేరవలెనను పట్టుదల, పల్లెపల్లెకు విలేఖరి ఉండవలెనను ఏర్పాటు దానిని త్వరగా పెంచినవి. 1989నుండి జిల్లాకొక చిన్న పత్రిక వంటి అనుబంధమును ఆ పత్రిక తనలోనే చేర్చి ఇయ్య మొదలిడినది. తక్కిన దినపత్రికలు కూడ అదే దారి పట్టినవి. చదువరికి ఇది లాభమే. తన మండలపు వార్త, ఢిల్లీ వార్త ఒకే వెలకు దొరకినవి.

ఊరి పత్రికకు మాత్రము అది పెద్ద దెబ్బ. అంతవరకు కిరాణా కొట్టువాడు, ట్యుటోరియలు కళాశాలవాడు, సినిమా హాలువాడు తమ ప్రకటనను ఇచ్చుకొనుటకు ఊరి పత్రిక తప్ప వేరు దిక్కు లేకుండెడిది. జిల్లా అనుబంధము వచ్చిన పిదప ఆ ప్రకటనలు దానికి తరలిపోయినవి. దానితో ఊరి పత్రిక అద్దె, జీతములు చెల్లించు దారి మూసికొనిపోయినది. కొన్ని మూతపడినవి. కొన్ని ప్రభుత్వ ప్రకటనల కొరకు మాత్రమే పేరుకు అచ్చగుచు, చదువువారు లేకయే బ్రతికినవి. అట్టి పత్రికలవలన చిన్న పత్రిక అనుమాటకే గౌరవము తగ్గినదని ఒప్పుకొనవలెను.

ఊరి పత్రిక స్థానమును జిల్లా అనుబంధము ఆక్రమించినదిగదా, లోటు ఏమి అని అడుగవచ్చును. కొంతకాలము లోటు కనబడలేదు. కాని ఆ అనుబంధము పెద్ద పత్రిక ఇంటి చావడిలో ఉన్న అతిథి వంటిది. ఇంటికి కష్టకాలము వచ్చినప్పుడు మొదట ఖాళీ చేయవలసినది అదే. దూరదర్శిని వచ్చినది, అంతర్జాలము వచ్చినది, ప్రకటనలిచ్చువారు అటు మరలినారు. 2020లో కోవిడ్ వ్యాధి వ్యాపించి వ్యాపారములు స్తంభించినప్పుడు ప్రకటనలు ఒక్కసారిగా సన్నగిల్లినవి. పత్రికలు పుటలను తగ్గించుకొన్నవి. కత్తెర తరచుగా జిల్లా పుటల మీదనే పడినది. తగ్గిన పుటలు మరల పూర్తిగా నిండకయే వెలలు పెరిగినవి. మునుపు తనకు పోటీగా నిలచిన పెద్ద పత్రిక ఇంట ఒదిగిన ఊరి వార్త, ఇప్పుడు ఆ ఇంట కూడ చోటు కోల్పోవుచున్నది. తిరిగి పోవుటకు దాని సొంత ఇల్లు లేదు.

ఇక్కడ మేము మొదట చెప్పిన చందాదారు మరల ఎదురగును. అతడు ఎవరు? తరచుగా పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు, చిన్న వ్యాపారి, గ్రంథాలయపు కార్యదర్శి, కండ్లజోడు తుడుచుకొని మొదటి పుటనుండి చివరి పుటవరకు చదువు ఇల్లాలు. ఫోనులో చదువుట చేతకాక కాదు. అచ్చులో వచ్చినదానికి ఒకరు బాధ్యత వహింతురను నమ్మకముచేత వీరు నిలచినారు. అచ్చయిన తప్పును మరునాడు దిద్దుకొనవలసి ఉండును. దానిని వ్రాసినవాడు ఎచటనో కలడు, అడుగవచ్చును. ఈ నమ్మకమునకు వీరు వెల చెల్లించుచున్నారు. చెల్లించిన వెలకు బదులుగా వీరికి రావలసినది రంగుల కాగితము కాదు. ఇతరత్ర దొరకని తమ ఊరి సంగతి. వెల పెంచి, ఊరి పుటను తగ్గించినచో, నిలచినవానిచేతనే విడిచినవాని ఖర్చు కట్టించి, అతనికి ఏమియు ఇయ్యనట్లగును. చందాదారుని ఫిర్యాదులోని న్యాయము ఇదియే.

రేడియో ఉండగా పత్రికతో పని ఏమి అను ప్రశ్నకు రేడియో పత్రికలో వ్రాయుచున్న మేమే సమాధానము చెప్పవలెను. రేడియో వార్త వేగము గలది, చదువురాని వానికి సైతము అందునది. తుఫాను వచ్చినప్పుడు దానికి సాటి లేదు. కాని పది నిమిషముల వార్తలలో పలు జిల్లాల సంగతులు ఇమడవలెను. ఒక పురపాలక సంఘము కొళాయి పన్నును ఎందుకు పెంచినది, చెరువు గట్టుకు మంజూరైన ధనములో ఎంత మట్టిగా మారినది, ఎంత మాయమైనది అను లెక్కలు చెవికి ఎక్కవు, ఎక్కినను నిలువవు. అవి అచ్చులో ఉండవలెను, పెన్సిలుతో గీత గీచి దాచుకొనదగినవై ఉండవలెను. సమావేశమునకు విలేఖరి వచ్చి వెనుక బల్ల మీద కూర్చున్నాడని తెలిసినప్పుడు సభ్యుల మాట తీరు వేరుగా ఉండును. ఆ బల్ల ఖాళీ అయినచో నష్టపోవునది పత్రిక చదువువారు మాత్రమే కాదు. పన్ను కట్టు ప్రతివాడును నష్టపోవును.

దీనికి మార్గము లేకపోలేదు. వెల పెంచక తప్పనప్పుడు పత్రికలవారు ఆ సంగతిని దాపరికము లేక చందాదారులకు చెప్పవలెను. కాగితమున కెంత, అచ్చున కెంత, వార్తలు సేకరించుట కెంత అని లెక్క చూపవలెను. పాత సంపాదకులు సిగ్గుపడక బాకీలు అడిగినట్లే, సిగ్గుపడక లెక్క చూపుట కూడ నేర్చుకొనవచ్చును. కోతలు తప్పనిచో ఊరి పుటను చిట్టచివర కత్తిరింపవలెను. చదువరులు కూడ ఒకటి గ్రహింపవలెను. పత్రిక ఎన్నడును నిజముగా చౌక కాదు. ఎవరో ఒకరు చెల్లించుచుండెడివారు. దాత చెల్లించినప్పుడు దాత మాట, ప్రకటనదారు చెల్లించినప్పుడు ప్రకటనదారు మాట ఎంతో కొంత చెల్లును. చందాదారు చెల్లించునప్పుడు అతని మాట చెల్లవలెను. అతడు ఉత్తరము వ్రాసి అడుగవలెను: మా వార్డు సంగతి ఏది? మా కాలువ సంగతి ఏది?

వేటపాలెములో సారస్వత నికేతనమను గ్రంథాలయము కలదు. 1918లో వెలసిన ఆ సంస్థలో పాత తెలుగు పత్రికల సంపుటములు భద్రముగా ఉన్నవి. పరిశోధకులు దూరప్రాంతములనుండి వచ్చి, పెళుసుబారిన ఆ కాగితములను మెల్లగా త్రిప్పి, వెనుకటి మన ఊళ్ళు ఎట్లుండెడివో తెలిసికొనుచున్నారు. వానలు ఎప్పుడు కురిసినవి, ధాన్యము ఏ ధర పలికినది, ఏ సభలో ఎవరు ఏమి మాట్లాడినారు అను విషయములు ఏ చక్రవర్తి శాసనములోను లేవు. అవి పత్రికలలో ఉన్నవి. నాడు ఏ సంపాదకుడో అప్పు చేసి అచ్చు వేసినాడు. ఏ చందాదారో వి.పి. త్రిప్పి పంపక విడిపించుకొన్నాడు; ఎవరో తూకమునకు అమ్మక దాచి ఉంచినారు.

మన కాలమును గూర్చి తెలిసికొనుటకు రేపటివారు అట్లే ఒక గ్రంథాలయపు మెట్లెక్కి వచ్చినచో, ఢిల్లీ సంగతులు, హైదరాబాదు సంగతులు వారికి కావలసినన్ని దొరకును. మన ఊరి పేరు వెదకినప్పుడు వారికి ఏమి దొరకవలెనో నిర్ణయింపవలసిన వారిలో, ఈ నెల బిల్లు చేతబట్టుకొని ఆలోచించుచున్న చందాదారు ఒకడు.